చీలిక చెవి గొర్రెలు

పెళ్ళైన మూడేళ్ళ దాకా మా అత్త దేవకమ్మను నేను ఎండాకాలంలో తప్ప చూడలేదు. ఆత్మకూరులో మా ఆయన సురేంద్రబాబు ట్రాలీ ఆటో తోలతాడు. పండగ రోజుల్లో బాడుగలు వదులుకోలేడు. అందుకని ఏటా మే నెలలో వారం పది రోజులు ఖాళీ చేసుకుని ఇద్దరం ఉదయగిరి బస్సెక్కేవాళ్ళం. అక్కణ్ణించి ఇంకో ఆటోలో పావుగంట పోతే వాళ్ళ ఊరు.

నాకు తెలిసిన అత్త నవ్విందంటే పక్కింటికి వినబడాల్సిందే. అరవై దాటిన మనిషి, ఆకూవక్కా బుగ్గన పెట్టుకుని, వసారాలో కాళ్ళు చాపుకుని నా వంటకి వంకలు పెట్టేది. నేను సంగటి కెలుకుతుంటే ఆత్మకూరు పిల్ల కుండతో కొట్లాడుతోందని వీధికంతా చెప్పేది. నేనూ తక్కువదాన్ని కాదు. ఆమె సెల్‌ఫోన్ నోటికి ఆనించుకుని అరిచే తీరు వచ్చినవాళ్ళందరికీ చేసి చూపించేదాన్ని. అత్త అంటే ఇట్లా ఉండాలని నా స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఆ నెలల్లో మామ సిద్ధయ్య ఇంట్లో ఉండడు. ఆ సంగతి అప్పట్లో నేను పట్టించుకోలేదు. కోతలు కాగానే ఆయన గొర్రెల మందను తోలుకుని ఆత్మకూరు, కలువాయి వైపు కాలవ కింది పొలాలకు పోతాడు. కోసిన పొలంలో కొన్ని రాత్రులు మంద పడుకుంటే ఆ ఎరువు నేలకు బలం. దానికి రైతు గింజలిస్తాడు. ఆ పొలం నుంచి ఇంకో పొలానికి తిరిగి తిరిగి, తొలకరికి ఇల్లు చేరతాడు. నలభై ఏళ్ళుగా అదే వరస.

పోయిన ఏడాది ఆ వరస తప్పింది. ఉగాదికి ముందే మామ కుడి మోకాలు వాచి, కర్ర లేనిదే లేవలేకపోయాడు. ఆత్మకూరు డాక్టరు ఎక్స్‌రే చూసి ఈ ఎండాకాలం నడక మాట ఎత్తొద్దన్నాడు. సురేంద్ర ట్రాలీని మా నాన్న దాణా కొట్టు ముందు పెట్టేసి, మంద వెంట తను పోతానన్నాడు. కలువాయిలో ఉండే అత్త తమ్ముడు రామనారాయణ తోడొస్తానన్నాడు. ఆయన తన గొర్రెలు ఎప్పుడో అమ్మేసి వరి పండించుకుంటున్నాడు గానీ, కాళ్ళకి ఆ నడక అలవాటు పోలేదు. ముసలివాళ్ళిద్దరికీ తోడుగా నేను కుట్టు మిషను ఎత్తుకుని ఆ ఊరు చేరాను.

మంద బయల్దేరే ముందురోజు మామ దొడ్డిలో పీట వేసుకుని, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలకు గుర్తు కోసం చెవులు కోశాడు. మా నాన్న దాణా అమ్ముతాడు గానీ గొర్రె గురించి నాకు తెలిసింది కూర వరకే. మామ ముందు తల్లిని పట్టుకుని దాని చెవి చూస్తున్నాడు, ఆ తర్వాతే పిల్లకి కత్తి పెడుతున్నాడు. ఎందుకు మామా అని అడిగాను. ఆయనకు నేనంటే ముద్దు. ఓపిగ్గా చెప్పాడు.

"చెవి కొన తెగి ఉంటే అది నా గొర్రె. మధ్యలో చీలిక ఉండాదే, అది మీ అత్త పుట్టింటి గుర్తు. పెండ్లినాడు వాళ్ళ నాయన తోలిచ్చిన వాటి సంతతి. తల్లికి ఏ గుర్తుంటే పిల్లకీ అదే పెట్టాల. అమ్మాల్సి వచ్చినా ముందు నా చెవివే అమ్ముతా. ఆడదాని పుట్టింటి సొత్తు అమ్ముకు తినే రకం కాదు సిద్ధయ్య."

కోసిన చెవికి పసుపు అద్ది, ఆ పిల్లను రెండు చేతులా ఎత్తి తల్లి దగ్గర దించాడు. ఇంత మెత్తటి చెయ్యి ఉన్న మొగుడితో నీకేం కరువు అని అత్తతో అన్నాను. ఆమె బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది.

మంద పోయింది. ఎండలు ముదిరాయి. అత్త మాత్రం నేనెరిగిన అత్త కాదు. ఆకూవక్కా మానేసింది. మామ వీధిలోకి పోయినప్పుడే ఆమె మొహంలోకి నవ్వొచ్చేది, అదీ సగమే. వయసనుకున్నాను, వేడి అనుకున్నాను. ఒక్క పనికి మాత్రం ఆమెకు అలుపు లేదు. పొద్దునా సాయంత్రం ఆముదంలో వావిలాకు వేసి కాచి, ఆ గిన్నె పట్టుకుని మామ కాళ్ళ దగ్గర కూర్చునేది. అరగంటసేపు మోకాలు రుద్దేది. ఎవరో చెప్పారని వింజమూరు దాకా పోయి ఏదో మందు పట్టు తెచ్చింది. "ఈ పొద్దు వాపు తగ్గినట్టుండాది కదా, మధూ?" అని రోజూ నన్నడిగేది. పరీక్ష రాసిన పిల్ల మార్కుల కోసం అడిగినంత ఆత్రంగా అడిగేది. నాకు కళ్ళు చెమర్చేవి. సురేంద్రకి ఫోన్ చేసి, నీకు కాలిరిగినా నేను ఇంత సేవ చెయ్యను, ఇప్పుడే చెప్తున్నా అన్నాను.

ఆ రోజుల్లోనే అత్త నాలుగు జాకెట్టు గుడ్డలు తెచ్చి నా మిషను మీద పెట్టింది. చేతులు మోచేతి కింది దాకా రావాలంది. రోళ్ళు పగిలే ఎండలో ఈ ఫ్యాషనేంది అత్తా, సీరియల్లో చూశావా అని ఆటపట్టించాను. అవును, నాకూ సోకులు పుట్టినాయి అంది. కొలతలు తీసుకుంటానంటే రానివ్వలేదు, పాత జాకెట్టు ఇచ్చి దాన్ని చూసి కుట్టమంది. సోకు అంటే పూర్తిగా ఉండాలి కదా అని నేను అన్నిటికీ జరీ అంచు కూడా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే సిగ్గేస్తుంది.

రోహిణి కార్తెలో ఒకరోజు దారాల కోసం ఉదయగిరి పోయాను. కొట్టు మూసి ఉండడంతో పోయిన ఆటోలోనే తిరిగొచ్చాను. మిట్టమధ్యాహ్నం. వాకిలి తీసే ఉంది. వంటింటి గడప దగ్గర మజ్జిగ ఒలికింది, చెంబు మూలకి దొర్లింది. అత్త గోడకి ఆనుకుని, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. జాకెట్టు చెయ్యి నేను వేసిన కుట్టు వెంట భుజం దగ్గర ఊడిపోయింది. ఆ సందులో చర్మం కనిపించింది. కొత్తగా కందిన ఎరుపు ఒక్కటే ఉంటే ఏ కాలో జారిందని నమ్మేదాన్నేమో. దాని కింద పసుపుపచ్చకి తిరిగినదొకటి, ఇంకా కింద నల్లగా నిలిచిపోయినదొకటి ఉన్నాయి.

మామ వసారాలో మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. "మజ్జిగలో ఉప్పు మరిచింది మీ అత్త," అన్నాడు నన్ను చూసి. "జారి పడింది." రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు.

అత్త కూడా అవునంది.

అత్తను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసి, కొబ్బరినూనె రాస్తూ ఎన్నాళ్ళుగా అని అడిగాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి అంది, ఊరి పేరు చెప్పినట్టు. కొడుకు ఎదిగాక వాడి ముందు చెయ్యెత్తడం మానేశాడట. వాడు ఆత్మకూరు చేరాక మళ్ళీ మొదలైంది. వయసు పైబడితే తగ్గుతుందనుకుంటే, కాళ్ళలో బలం తగ్గింది గానీ చేతుల్లో తగ్గలేదు. ఈ మాట అని తనే కొంచెం నవ్వింది. నువ్వు ఆయనకి అంత సేవ చేస్తున్నావెందుకు మరి అని నేను గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పింది.

"ఏడాదిలో నాలుగు నెలలు నావి, మధూ. మంద పోయిన రోజు తలకి పోసుకుని, వేడన్నం కూర్చోని తింటా. ఆ నాలుగు నెలల మీద ఆశతోనే మిగతా ఎనిమిదీ ఈదినాను. ఇప్పుడీ మోకాలు ఇట్లే ఉండిపోతే నాకింగ ఒక్క నెల కూడా మిగలదు. ఎట్టయినా ఆయన్ని నడిపించాలని ఆ నూనె."

నేను మురిసిపోయిన ప్రేమ అది. మూడేళ్ళూ నేను చూసిందల్లా ఆమె సొంత నెలల్లోని అత్తను. ఆ గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. దెబ్బలు తిన్న మనిషే నా వీపు నిమిరి ఓదార్చింది.

ఉదయగిరి స్టేషనుకు పోదాం పద అన్నాను. మహిళల హెల్ప్‌లైన్ నంబరు ఫోన్లో తీశాను. అత్త ఫోన్ మీద అరచెయ్యి పెట్టింది. "ఆ నంబరు దాచిపెట్టు. కావాలంటే నేనే అడుగుతా. ముందు నాకు నెలలు కావాల," అంది. పోనీ మాతో ఆత్మకూరు వచ్చెయ్యమన్నాను. రెండు గదుల మేడ మీది ఇంట్లో గొర్రెలు లేకుండా ఏడాదంతా ఉండలేదట.

సాయంత్రం సురేంద్రకి ఫోన్లో అంతా చెప్పాను. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. "మానేసినాడనుకున్నా," అన్నాడు. "మనం పోయినప్పుడల్లా అమ్మ నవ్వతా ఉంటే, మానేసినాడనే అనుకున్నా." కడిగేద్దామని ఫోన్ చేసినదాన్ని, మందను జాగ్రత్తగా చూసుకో అని పెట్టేశాను. ఆ నవ్వు చూసి నేనూ మోసపోయినదాన్నే కదా.

మర్నాటి నుంచి నా మిషను వసారాలోకి మారింది. లోపల గాలాడడం లేదని మామకు చెప్పాను. వంటింట్లోకి పోవాలంటే ఎవరైనా నా పక్క నుంచే పోవాలి. లోపల గిన్నె చప్పుడు పెద్దగా అయితే తొక్కడం ఆపేదాన్ని. మిషను ఆగితే మామ వెనక్కి వచ్చేవాడు. పడక కూడా అత్త పక్కనే వేసుకున్నాను. నాతో మాత్రం ఆయన ఎప్పటిలాగే ముద్దుగా మాట్లాడేవాడు, నా కోసం ముంజలు కొట్టించి తెచ్చేవాడు. తిన్నాను. కోపం ఆయన మీద గానీ ముంజల మీద కాదు.

మధ్యలో ఒక్కరోజు మామ డాక్టరుకి చూపించుకోవాలని ఎదురింటివాళ్ళ కారులో పొద్దున్నే ఆత్మకూరు పోయాడు. కారు మలుపు తిరిగేదాకా చూసి, ఇవాళ నీ నెల అత్తా అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. ఇద్దరం కలిసి నాలుగు నెలలు ఒక్క పగట్లో కూర్చాం. కుంకుడుకాయలు కొట్టి ఆమెకు తలంటు పోశాను. పొగలు కక్కే అన్నంలో చింతకాయ పచ్చడి, నెయ్యి వేసుకుని, పీట మీద కూర్చుని రెండు సార్లు పెట్టించుకుని తింది. తర్వాత ఆకు బుగ్గన పెట్టి, పెళ్ళికి ముందు నాయన వెంట గొర్రెలు కాసిన రోజుల గురించి చెప్పింది. ఆమె పిలుపు విని గుట్ట అవతలి నుంచి కూడా గొర్రెలు వచ్చేవట. ఏదీ పిలువు చూద్దాం అన్నాను. వద్దు వద్దంటూనే నాలుకని అంగిలికి ఆనించి ఒక కూత పెట్టింది. ఎవరో గొర్రెలు తోలుకొచ్చారనుకుని ఎదురింటి ముసలామె బయటికొచ్చి వీధి అటూ ఇటూ చూసింది. అత్త పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. మూడున్నరకి కారు హారన్ వినగానే ఆకు ఉమ్మేసి, నోరు కడుక్కుని, నూనె గిన్నె పొయ్యి మీద పెట్టింది.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం సురేంద్ర వీడియో కాల్ చేశాడు. నిన్ను చూసిందే గదరా, గొర్రెల్ని చూపించు అంది అత్త. అతను ఫోన్ మంద వైపు తిప్పాడు. అత్త కళ్ళజోడు సర్దుకుని, ఫోనుకి ముక్కు ఆనించింది. దగ్గరికి పోరా అంది. మెల్లగా నడువు అంది. మంద మొదటి నుంచి చివరి దాకా అతన్ని నడిపించింది. పాపం, గొర్రెల మీద బెంగ పెట్టుకుంది అనుకుంటూ నేను కాజాలు కుడుతున్నాను. కాసేపటికి గమనించాను, ఆమె చూస్తున్నది చెవుల్ని. లెక్కపెడుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. చివర్లో, చార్జింగ్ అయిపోతాది, పెట్టెయ్ అని ఫోన్ నాకిచ్చేసింది.

పెరట్లోంచి మామ నూనె తెమ్మని కేకేశాడు. అత్త లేచి ఆకుల సంచి వెతికి తెచ్చుకుని, వక్క నోట్లో వేసుకుని నా పక్కన కూర్చుంది. చెయ్యి నొప్పిగా ఉండాది, ఈ పొద్దుకి వద్దులే అని అక్కణ్ణించే చెప్పింది. మామ కర్ర పట్టుకుని వసారా దాకా వచ్చాడు. నేను సూది ఆపి తలెత్తాను. ఆయన కాసేపు నిలబడి వెనక్కి పోయాడు. ఆ రోజు నుంచి ఆమె మోకాలికి నూనె రాయలేదు.

తొలకరి పడ్డ నాలుగో రోజు పొద్దున మంద ఇల్లు చేరింది. ఎప్పట్లాగే వీధిలో వాళ్ళంతా చూడ్డానికి బయటికొచ్చారు. అత్త తలస్నానం చేసి, జరీ అంచు జాకెట్టు వేసుకుని దొడ్డి వాకిట్లో నిలబడింది. మంద లోపలికి పోకముందే మామతో అంది.

"నా గొర్రెలు నాకు విడదియ్యి. కలువాయిలో తమ్ముడి దొడ్డి ఖాళీగా ఉండాది. తోలుకోని పోతా."

చుట్టూ జనం ఉన్నారు కాబట్టి మామ నవ్వాడు. "నీ గొర్రెలేందే? ఇన్నేండ్లు మేపింది ఎవురు? మందంతా ఒకటే."

"ఒకటే అయితే చెవులెందుకు కోసినావు?"

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో ముంజలు లేవు. సురేంద్ర వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. గొర్రెలు ఒక్కొక్కటే పోయేటట్టు దొడ్డి తడికను సగం మూసి పట్టుకున్నాడు. రామనారాయణ మందను వెనక నుంచి అదిలించాడు.

మామ కాదనొచ్చు. మంద మొత్తం లోపలికి తోలించెయ్యొచ్చు. కానీ ఆ చెవుల గురించి నలభై ఏళ్ళు ఊరందరి ముందూ గొప్పగా చెప్పుకున్నది ఆయనే. పీట తెమ్మన్నాడు. తడిక పక్కన కూర్చుని, వచ్చిన గొర్రెను వచ్చినట్టు చెవి పట్టి చూసి, చీలిక అంటే అత్త వైపు, కొన అంటే తన వైపు వదిలాడు. చీలిక. చీలిక. కొన. చీలిక. చీలిక. అవసరం వచ్చినప్పుడల్లా తన చెవివే అమ్మాడు కదా, ఆయన వైపు నిలిచినవి ఒక వేపచెట్టు నీడలో పట్టేన్ని. అత్త వైపు వీధి నిండింది. ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది గానీ, ఒక్క చీలికను కూడా కొన అనలేదు.

చివరికి ఒక పిల్ల మిగిలింది. దారిలో పుట్టింది, ఇంకా చెవి కొయ్యలేదు. తల్లి ఎండదెబ్బకి పోయింది. ఆ తల్లి ఏ గుర్తుదో సురేంద్రకీ రామనారాయణకీ జ్ఞాపకం లేదు. మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూతి పైకెత్తాడు. తనదంటే అడిగేవాళ్ళు లేరు.

"ముక్కు మీది మచ్చ చూడు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "దీని తల్లి చీలికే." ఆ పిల్లను ఎత్తి అత్త చేతికిచ్చాడు.

వీధిలో వాళ్ళు సిద్ధయ్యంటే సిద్ధయ్యే అని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మోటు మనిషి, తెలియక చేస్తాడేమో అనే సాకు ఒకటి అప్పటిదాకా నా మనసులో మిగిలి ఉండేది. ఏది ఎవరిదో ఇంత బాగా తెలిసినవాడికి, ఆమె ఒళ్ళు ఆమెదని తెలియలేదా?

అత్త పిల్లను నా చేతికిచ్చి ఇంట్లోకి పోయింది. తన బట్టల సంచి, నూనె సీసా తెచ్చింది. సీసా మామ పీట పక్కన పెట్టింది.

"పొద్దునా సాయంత్రం రుద్దుకో," అంది. "ఇంగ నువ్వు నడిచినా నడవకపోయినా నాకు బాధ లేదు."

ఆ మాట ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. సీసా తీసుకుని, మూత గట్టిగా ఉందో లేదో చూశాడు. అత్త అప్పటికే మంద ముందు నడుస్తూ ఆ కూత పెట్టింది. గొర్రెలన్నీ తలలెత్తి ఆమె వెనక పడ్డాయి.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. మామ ఒక్కడే ఉంటున్నాడు. ఇన్నేళ్ళు పొలాల్లో వండుకు తిన్న మనిషి, వంటకి ఇబ్బంది లేదు. నెలకోసారి సురేంద్ర పోయి చూసొస్తాడు. నేను పోను. అత్తకి తమ్ముడి దొడ్డి పక్కన ఒక రేకుల గది ఉంది. బుద్ధి పుట్టినప్పుడల్లా గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి, ఆత్మకూరు బస్సెక్కి, నా సంగటికి వంకలు పెట్టడానికి వస్తుంది.

పోయిన వారం వచ్చినప్పుడు సంచిలో ఆ నాలుగు జాకెట్లూ తెచ్చింది. చంకల్లో కుట్లు వదిలాయట. వాటిని చూడగానే కత్తెర తీసుకుని, అన్నిటికీ చేతులు కురచ చేసేస్తాను అత్తా, ఇంక ఇంత పొడుగుతో పనేముంది అన్నాను.

అత్త జాకెట్లు నా చేతిలోంచి లాక్కుంది.

"నీకేమన్నా పిచ్చా, మధూ? పొద్దస్తమానం ఎండలో గొర్రెల వెనక తిరుగుతా ఉండా, చేతులు కాలిపోవా?" అంది. "చంకల్లో కుట్టెయ్యి చాలు. ఆ జరీ అంచు మాత్రం పీకెయ్, కంపకి తగులుకుంటా ఉండాది."